ఎస్టీమ్ ప్రాజెక్ట్: మూడు చోట్ల మూడు ఏఎఫ్ఆర్‌లు, తేడా ఎక్కడ పుడుతోంది?

ఏఎఫ్ఆర్ అంటే ఇంజిన్‌లో కాలే గాలికీ పెట్రోలుకీ మధ్య బరువుల నిష్పత్తి. అంకె తగ్గితే పెట్రోలు ఎక్కువ (రిచ్), పెరిగితే గాలి ఎక్కువ (లీన్). ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో డ్యాష్‌బోర్డు గేజ్ 14.3 చూపిస్తోంది. అదే సమయంలో లాప్‌టాప్‌లో ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ ట్యూనర్‌స్టూడియో 14.7 అంటోంది. కింద డౌన్‌పైపుకు (ఇంజిన్ నుంచి కిందికి దిగే పొగ గొట్టం) పెట్టిన రెండో గేజ్‌లో 14.8. ఈ సంగతి తేలేదాకా, ఎప్పుడు ఎంత పెట్రోలు ఇవ్వాలో చెప్పే ఫ్యూయల్ టేబుల్‌లో ఒక్క గడి కూడా ముట్టుకోకూడదనుకున్నాను. ఉన్నదానికంటే రిచ్‌గా చూపించే గేజ్‌ని నమ్మి పెట్రోలు తగ్గిస్తే లోడ్ మీద పిస్టన్లకే ముప్పు.

బండి మారుతి ఎస్టీమ్, 1.3 లీటర్ల 16 వాల్వుల ఇంజిన్. పాత ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) స్థానంలో స్పీడ్యుయినో అనే, మనమే ట్యూన్ చేసుకోగల ఈసీయూ పెట్టాను. డ్యాష్‌బోర్డు మీది ఇన్నోవేట్ వైడ్‌బ్యాండ్ గేజ్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఉన్న దాని సెన్సర్, వైరింగ్ బండితోపాటే వచ్చాయి. రెండోది ఏఈఎం గేజ్, విశాఖలో ఉండే మా బావమరిది సరిచూసుకోమని ఇచ్చాడు. దానికోసం క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందే, డౌన్‌పైపు మీద ఇక్కడ రాయగడలోనే (ఒడిశా) ఒక నట్టు వెల్డింగ్ చేయించాను. మర M18×1.5 ఉండాలి. సెన్సర్ అడ్డంగా పడుకోకుండా కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండాలి, లేకపోతే పైపులో చేరిన నీటి చుక్కలు వేడి సిరామిక్ మీద పడి అది పగులుతుంది. కన్వర్టర్ తర్వాత మాత్రం పెట్టొద్దు. అది ఆక్సిజన్‌ను దాచుకుని వదులుతుంది కాబట్టి అక్కడి అంకెను పైదానితో పోల్చలేం.

అన్నిటికంటే ముందు స్కేళ్లు చూశాను. వైడ్‌బ్యాండ్ సెన్సర్ కొలిచేది లాంబ్డానే, అంటే పెట్రోలు పూర్తిగా కాలడానికి కావాల్సిన గాలికి ఎన్ని రెట్లు గాలి ఉందన్న లెక్క. సరిగ్గా సరిపోతే 1. ఏఎఫ్ఆర్ అనేది గేజ్ దాన్ని ఒక స్థిర సంఖ్యతో గుణించి చూపించే అంకె. ఇన్నోవేట్ 14.7తో గుణిస్తుంది, ఏఈఎం దాదాపు 14.65తో. ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు. అసలు చిక్కు పెట్రోలుతో వస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు). దాని స్టాయిక్ (లాంబ్డా 1 దగ్గరి ఏఎఫ్ఆర్) 13.5 దగ్గర ఉంటుంది. అలాగని ట్యూనర్‌స్టూడియోలో స్టాయిక్ 13.5 అని మార్చి, సెన్సర్ టేబుల్‌ని (సెన్సర్ వోల్టేజీని ఏఎఫ్ఆర్‌గా మార్చేది) 14.7 లెక్కలోనే వదిలేస్తే, ఇంజిన్ సరిగ్గా లాంబ్డా 1 దగ్గర ఉన్నా సాఫ్ట్‌వేర్ 1.09 చూపిస్తుంది. నా దాంట్లో రెండూ 14.7 మీదే ఉన్నాయి, అలాగే ఉంచాను. పెట్రోలు రాయగడలో పోయించినా, పార్వతీపురంలో పోయించినా లాంబ్డా లాంబ్డానే.

ఇక గేజ్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య తేడా. రెండూ ఒకే సెన్సర్‌వి కాబట్టి ఎగ్జాస్ట్ గ్యాస్‌ని, సెన్సర్‌ని అనుమానించే పనే లేదు. తేడా గేజ్ వెనక వైరు నుంచి లాప్‌టాప్ దాకా ఉన్న దారిలోనే ఉండాలి. ఇన్నోవేట్ అనలాగ్ అవుట్‌పుట్ 0 వోల్టుల దగ్గర 7.35, 5 వోల్టుల దగ్గర 22.39. అంటే ఒక వోల్టుకి 3.008. స్పీడ్యుయినో టేబుల్‌లోనూ అవే అంకెలున్నాయి.

ఈసీయూ సరిగ్గా చదువుతోందో లేదో తేల్చడానికి మామూలు పెన్సిల్ సెల్ చాలు. సిగ్నల్ వైరు ఊడదీసి, సెల్ ప్లస్‌ని ఈసీయూ ఇన్‌పుట్‌కి, మైనస్‌ని ఈసీయూ సెన్సర్ ఎర్త్‌కి కలిపాను. మల్టీమీటర్‌లో 1.58 వోల్టులు. లెక్క ప్రకారం 7.35 + (1.58 × 3.008) = 12.10 రావాలి. లాప్‌టాప్‌లో 12.1 వచ్చింది. ఈసీయూ, టేబుల్ రెండూ బాగున్నాయన్నమాట.

మిగిలింది ఎర్త్. హెడ్‌లైట్లు వేశాను. గేజ్ 14.3 మీదే ఉంది, లాప్‌టాప్ అంకె మాత్రం 14.9కి ఎగబాకింది. లైట్లు వేస్తే మిక్స్చర్ నిజంగా మారినా గేజ్‌లోనూ మారాలి కదా! మల్టీమీటర్ నల్ల ప్రోబ్ ఈసీయూ ఎర్త్ మీద, ఎర్ర ప్రోబ్ గేజ్ ఎర్త్ మీద పెట్టి చూస్తే 118 మిల్లీవోల్టులు. లైట్లు వేస్తే 210. 0.118ని 3.008తో గుణిస్తే 0.35. వెతుకుతున్న తేడా దాదాపు అంతే.

కారణం డ్యాష్‌బోర్డు కింద కనబడింది. గేజ్ నల్ల వైరుని లైట్ల స్విచ్ ఎర్త్‌తో కలిపి, తుప్పు పట్టిన ఒక స్క్రూకి బిగించారు. సెన్సర్ హీటర్ ఒక ఆంపియర్ దాకా తీసుకుంటుంది, చల్లగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. ఆ కరెంటు, లైట్ల కరెంటు కలిసి తుప్పు జాయింటు గుండా పోతుంటే గేజ్ సున్నా కాస్త పైకి లేస్తుంది. గేజ్ తన సున్నా నుంచే వోల్టేజీ ఇస్తుంది, ఈసీయూ మాత్రం తన సున్నా నుంచి కొలుస్తుంది. అందుకే లాప్‌టాప్‌లో ఎప్పుడూ లీన్ వైపే తేడా.

గేజ్ ఎర్త్‌ని అక్కడి నుంచి తీసి, ఈసీయూ ఎర్త్ బిగించిన ఇంజిన్ హెడ్ బోల్టుకే వేశాను. అక్కడిదాకా ఒకటిన్నర మీటరు దూరం. సన్న వైరు వేస్తే హీటర్ కరెంటుకే మళ్లీ వోల్టేజీ పడిపోతుంది కాబట్టి 2.5 చదరపు మిల్లీమీటర్ల మల్టీ స్ట్రాండ్ వైరు వాడాను. లగ్గు క్రింప్ చేసి, బోల్టు కింద పెయింటు గీకేశాను. ఇప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య 12 మిల్లీవోల్టులు, అంటే 0.04 ఏఎఫ్ఆర్. లైట్లు, ఫ్యాను, వైపర్ ఏది వేసినా కదలడం లేదు. చాలా పెద్ద టెన్షన్ తీరింది.

తర్వాత ఏఈఎం సంగతి. ఐడిల్‌లో అర పాయింటు లీన్‌గా చూపించే ఈ గేజ్ 3000 ఆర్‌పీఎం దాటితే మాత్రం పైదానితో కలిసిపోతోంది. సెన్సర్ పాతబడితే తేడా ఇలా ఆర్‌పీఎంతో మాయమవదు. అయినా అనుమానం మిగలకూడదని సెన్సర్లు అటుదిటు మార్చాను. రెండూ బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 రకమే. మార్చేటప్పుడు కనెక్టర్ కోసి అతకకండి, ఆ సెన్సర్‌కి సరిపోయేలా ఫ్యాక్టరీలో సరిచేసిన రెసిస్టర్ అందులోనే ఉంటుంది. ఇన్నోవేట్‌కి మాత్రం మార్చిన సెన్సర్‌తో బయటి గాలిలో మళ్లీ కాలిబ్రేషన్ చేయాలి. మార్చాక కూడా తేడా డౌన్‌పైపు దగ్గరే ఉండిపోయింది. అంటే సెన్సర్లు బాగున్నాయి, పైపులోనే ఏదో జరుగుతోంది.

వెల్డింగ్ షాపు పెద్దాయనకి బండి కిందికి వంగగానే దొరికింది. "బాబూ, ఆ జాయింటు కాడ మసి సూసారా? గీత గీసినట్టుంది. గాలి అక్కడే ఆడతంది" అన్నాడు. మానిఫోల్డ్‌కి, డౌన్‌పైపుకి మధ్య ప్యాకింగ్ ఒక పక్క కాలిపోయింది. ఎగ్జాస్ట్‌లో పీడనం ఒకే తీరుగా ఉండదు. ఒక్కో సిలిండర్ ఊదిన తర్వాత క్షణంపాటు లోపల పీడనం పడిపోయి, ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఐడిల్‌లో గ్యాస్ తక్కువ కాబట్టి ఆ కాస్త గాలే అంకెను మార్చేస్తుంది, రేసు చేస్తే గ్యాస్ ప్రవాహంలో దాని వాటా కనబడదు. కొత్త ప్యాకింగ్ వేసి, సైలెన్సర్ గొట్టంలోకి బ్లోయర్‌తో గాలి కొట్టి, జాయింట్లకి సబ్బు నీళ్లు రాశాం. ఎక్కడా బుడగ రాలేదు. ఐడిల్‌లో ఇప్పుడు పైన 14.3, కింద 14.2.

రోడ్డు పరీక్షకి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వెళ్లాను. రాయగడ సుమారు 200 మీటర్ల ఎత్తులో ఉంటే కొరాపుట్ 870 మీటర్లలో ఉంది. ఘాట్ ఎక్కుతుంటే మిక్స్చర్ కొంచెం కదిలింది, కానీ రెండు గేజ్‌లూ కలిసే కదిలాయి కాబట్టి అది సెన్సర్ తేడా కాదు, ట్యూన్‌దే. వేరే బారో సెన్సర్ (బయటి గాలి పీడనం కొలిచేది) లేకపోతే స్పీడ్యుయినో గాలి పీడనాన్ని స్టార్ట్ చేసేముందు మ్యాప్ సెన్సర్‌తోనే (ఇంజిన్ పీల్చే గాలి పీడనం కొలిచేది) కొలుచుకుంటుంది. కొండపైన ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే కొత్త పీడనం తీసుకుంది. పీడనం ప్రభావం సెన్సర్ మీదా కొంత ఉంటుంది గానీ, లాంబ్డా 1 దగ్గర పంప్ కరెంటే (వైడ్‌బ్యాండ్ సెన్సర్ దీన్నిబట్టే లాంబ్డా చెబుతుంది) సున్నా కాబట్టి అక్కడ కనిపించదు. ఫుల్ థ్రాటిల్‌లో, 12.5 దగ్గర రెండింటి మధ్య 0.2 తేడా మిగిలింది. అది నాకు సమ్మతమే.

ఏఈఎం తిరిగి ఇచ్చేశాక ఆ నట్టులో బండి పాత నారోబ్యాండ్ సెన్సర్ (లాంబ్డా 1కి రిచ్ వైపో లీన్ వైపో మాత్రమే చెప్పేది) బిగించి, హీటర్‌కి 12 వోల్టులు ఇచ్చాను. మర రెండింటికీ ఒకటే. ఫ్యూయల్‌ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ మల్టీమీటర్ చూస్తే, ఇన్నోవేట్ 14.6, 14.7 మధ్య ఉన్నప్పుడు అది 0.8 వోల్టుల నుంచి 0.2కి పడిపోయింది. ఏ ఎలక్ట్రానిక్స్ లెక్కా లేకుండా లాంబ్డా 1ని చెప్పగలిగే సాక్షి అదొక్కటే. ఇక ఫ్యూయల్ టేబుల్ పని మొదలుపెడుతున్నాను, ముందు 1500 నుంచి 3000 ఆర్‌పీఎం, తక్కువ లోడ్ గడులు.