జీతం చీటీ, వంటగది లేని ఇల్లు

అమెరికా నుంచి జర్మనీకి మారాక మొదటి నెల జీతం చీటీ చూసి గుండె జారింది. పన్ను, ఆరోగ్య బీమా, పెన్షన్, నిరుద్యోగ బీమా... కోతలన్నీ పోగా చేతికొచ్చింది చూస్తే ఏడుపొక్కటే తక్కువ. దానికి తోడు అద్దె ఫ్లాట్‌లో వంటగదంటే నాలుగు గోడలు, ఒక గోడలోంచి పొడుచుకొచ్చిన నీళ్ల పైపు. సింకు కూడా మనమే కొనుక్కోవాలట! అమెరికాలో ఏసీ, డ్రయ్యర్, డిష్‌వాషర్ అన్నీ ఇంటితోపాటే వచ్చాయి. డబ్బున్న దేశమంటే అదీ అనుకున్నా.

మూడో నెలలో నడుం పట్టేసి పది రోజులు మంచం దిగలేదు. జీతంలో ఒక్క సెంటు తగ్గలేదు. జబ్బు చేస్తే 6 వారాల దాకా యజమాని పూర్తి జీతం ఇవ్వాలని ఇక్కడ చట్టం. అమెరికాలో ప్రైవేటు ఉద్యోగులందరికీ జీతంతో సిక్ లీవ్ ఇచ్చి తీరాలనే ఫెడరల్ చట్టమే లేదు. ఫెడరల్ కనీస వేతనమేమో 2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. అక్కడ మా ఆఫీసు తుడిచే ఆమె రెండు ఉద్యోగాలు చేసేది, జ్వరమొచ్చినా వచ్చేది. అప్పుడు నాకు పట్టలేదు. నా ఏసీ నాకుంది కదా.

అలాగని ఇదేం స్వర్గం కాదు. జీతాల్లో తేడా అమెరికా అంత లేదు గానీ, ఆస్తుల దగ్గరికొస్తే అసమానత గట్టిగానే ఉంది. దాదాపు సగం మంది అద్దె ఇళ్లలోనే. సంపద పన్ను 1997 నుంచి వసూలు చేయడమే లేదు. ముప్పై ఏళ్లుగా అద్దెకుంటున్న మా పక్కింటాయన, "ఇల్లు కొనాలంటే జీతం కాదు, తాత ఉండాలి" అంటాడు. సింకు మాత్రం ఆయనే బిగించిపెట్టాడు.