సిగ్నల్ పచ్చగా పడింది, బండి మాత్రం మనది కాదు

ఈ రోజు పొద్దున హైటెక్ సిటీలో ఆఫీసుకి వెళ్లే లోకల్ (అదే, ఎంఎంటీఎస్ రైలు) కోసం హైదరాబాద్ సీతాఫల్‌మండి స్టేషన్‌లో అడుగు పెట్టగానే బండి లేటని అర్థమైపోయింది. ప్లాట్‌ఫారం కిటకిటలాడుతోందంటే ముందు బండి ఇంకా రాలేదని, ఖాళీగా ఉందంటే ఇప్పుడే వెళ్లిపోయిందని లెక్క. ఫోన్‌లో యాప్ మాత్రం పాపం, లోకల్ రైట్ టైమ్‌కే నడుస్తోందని చూపిస్తూ కూర్చుంది.

కాసేపటికి సిగ్నల్ పచ్చగా పడింది. బెంచీల మీదున్న వాళ్లంతా లేచారు, మేమంతా లేడీస్ కోచ్ ఆగే చోటుకి జరిగి నిలబడ్డాం. వచ్చింది ఎక్స్‌ప్రెస్. దుమ్ము రేపుకుంటూ ఆగకుండా పోయింది. నా పక్కన పూలబుట్టతో నిలబడ్డ పెద్దావిడ "గిది గూడ మనది కాదా బిడ్డా?" అంది. కాదమ్మా అన్నాను. బుట్ట మళ్లీ కింద పెట్టి, తడిగుడ్డ కొంచెం పైకెత్తి మొగ్గలు విచ్చుకుంటున్నాయేమో చూసుకుంది. లేటయితే మహా అయితే మా టీమ్ లీడ్ ముఖం మాడ్చుకుంటాడు, ఆవిడకి బేరమే పోతుంది.

తీరా మా లోకల్ వచ్చి అందరం ఎక్కాక, సికింద్రాబాద్ ముందు అవుటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఆపేశారు. ప్లాట్‌ఫారం ఖాళీ లేదని ఎవరో అన్నారు, అందరం నమ్మేశాం. ఎక్కాక ఆగడం ఇంకా చిరాకు, దిగలేం, ఆటో పట్టలేం.

లోకల్‌కి సొంత పట్టాలంటూ లేవు కదా. బేగంపేట, సనత్‌నగర్ మీదుగా లింగంపల్లి వెళ్లేది నిజాం కాలంలో, 1874లో, కర్ణాటకలోని వాడి జంక్షన్ దాకా వేసిన లైనే. ముంబై వైపు ఎక్స్‌ప్రెస్‌లూ, బీదర్ బండ్లూ, గూడ్సులూ అన్నీ దాని మీదే పోవాలి, నాంపల్లి నుంచి వచ్చేవీ హుస్సేన్‌సాగర్ జంక్షన్ దగ్గర వచ్చి కలుస్తాయి. ఇన్నిటిలో ఏదో ఒకటి ఆగాలంటే ఆగేది లోకలే. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలై కొన్ని దూరపు బండ్లు అటు మారాక మాకు కాస్త దారి దొరుకుతుందనుకున్నాను. నాకైతే తేడా ఏం కనబడలేదు.

అయినా లేటు మీద నాకంత కోపం లేదు, కోపమంతా బండ్లు తక్కువగా ఉన్నందుకే. వెనకాలే ఇంకోటి వస్తుందని తెలిస్తే ఎవరికీ టెన్షన్ ఉండదు, మెట్రోలో ఒకటి పోతే జనం తాపీగా నిలబడతారు చూడండి. ఇక్కడ ఒకటి పోయిందంటే పొద్దున పూట మొత్తం పోయినట్టే. జనం ఎక్కట్లేదని బండ్లు తగ్గిస్తే, బండ్లు లేక ఉన్న జనమూ పోతారు, ఇంత చిన్న విషయానికి పెద్ద చదువులు అక్కర్లేదు.

మెట్టుగూడలో మెట్రో ఎక్కితే మధ్యలో మారే పని లేకుండా హైటెక్ సిటీలో దిగొచ్చు, నిజమే. కానీ 2025 మేలో ఛార్జీలు పెంచారు, నెలకి లెక్క వేసుకుంటే గుండె గుభేల్‌మంటుంది. లోకల్‌లో టికెట్ 5 రూపాయల నుంచే మొదలు. (అన్నట్టు లోకల్ హైటెక్ సిటీ స్టేషన్ వేరు, మెట్రోది వేరు, రెంటికీ మధ్య ఆటో ఎక్కాల్సినంత దూరం. ఊరికి కొత్తవాళ్లు ఒక్కసారైనా బోల్తా పడతారు.)

ఆఫీసుకి చేరేసరికి మీటింగ్ సగం అయిపోయింది. "మళ్లీ లోకలేనా?" అన్నాడు టీమ్ లీడ్, అంతే.

నా సీజన్ టికెట్ గడువు శుక్రవారంతో అయిపోతుంది. మళ్లీ తీసుకోనా వద్దా అని ఇంట్లో అడిగితే మా ఆయన వెంటనే స్కూటీ లోన్ సంగతి ఎత్తారు. ఆ హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో రోజూ స్కూటీ మీద వెళ్లమనే మనిషికి ఏం చెప్తాం, ఈ నెలకీ సీజన్ టికెట్టే తీసుకుంటాను.