ఉత్తరేణి గింజలు

అమలాపురంలో ఎక్కిన బస్సు ముమ్మిడివరం చేరేసరికే ఊపిరాడనంతగా నిండిపోయింది. కార్తీకమాసం, అందులోనూ ఆదివారం. ఇంకో రోజు వెళ్దామంటే మేనల్లుడికి సెలవు అయిపోతోంది. వాడు అంటార్కిటికాకి యాత్రికుల్ని తీసుకెళ్ళే ఓడలో వంటపని చేస్తాడు. ఆ వారంలోనే అర్జెంటీనా వెళ్ళి ఉషువాయా రేవులో ఓడెక్కాలి. ఈలోగా కోరింగ మడ అడవి చూడాలన్నాడు.

యానాంలో దిగి, ఆటో కోసం రోడ్డు పక్క గడ్డిలో అరగంట నిలబడ్డాం. బొండాం అరవై రూపాయలట! గోదావరికి అవతలి ఒడ్డున మా పెరట్లో రాలి పడుతుంటాయి, ఇవతల ఇంత ధరా అని ప్రాణం ఉసూరుమంది.

అడవిలో చెక్కవంతెన మొదట్లోనే స్పీకరు పెట్టి పాటలు. పాటు వేళ కావడంతో నీరు తీసి బురద బయటపడింది. మడచెట్ల శ్వాసవేర్లు మేకుల్లా పైకి లేచి ఉన్నాయి. ఆ కాసేపే అవి గాలి పీల్చుకునేది. వాటి మీద చిప్స్ పొట్లాలు, ఎంగిలి విస్తళ్ళు. ఫొటో కోసం ఇద్దరు కుర్రాళ్ళు కిందికి దూకి ఆ వేర్లనే తొక్కుకుంటూ పోయారు. కొంగలన్నీ లేచిపోయాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వెనక్కి చూస్తే వాడు బల్ల మీద కూర్చుని, ప్యాంటు అంచుకి అంటుకున్న ఉత్తరేణి గింజలు ఒక్కొక్కటే పీకి బస్సు టికెట్టులో చుడుతున్నాడు.

"దులిపేసెయ్‌రా, ఇక్కడెందుకు?"

"అలవాటైపోయిందత్తా. అక్కడ ఒడ్డున దిగే ముందు జేబులు, సంచుల కుట్లు అన్నీ వాక్యూమ్ మిషనుతో లాగిస్తారు. బూట్లు బ్రష్షుతో రుద్ది మందునీళ్ళలో ముంచాలి, తిరిగొచ్చాక మళ్ళీ ముంచాలి. అక్కడి కింగ్ జార్జ్ దీవిలో యూరప్ గడ్డి ఒకటి ఎలాగో చేరిపోయింది. పీకిస్తున్నారు గానీ ఒక పట్టాన పోదు."

ఇక వాడు ఆగలేదు. దిగే ముందు అందర్నీ హాల్లో కూర్చోబెట్టి నియమాలు చెప్తారు. వినకపోతే దింపరు. ఒక చోట ఒకేసారి 100 మందికి మించి దిగకూడదు. 500 మంది దాటిన ఓడైతే అసలు ఎవర్నీ దింపకూడదు. పెంగ్విన్‌కి 5 మీటర్ల దూరం. అదే మన దారికి అడ్డొస్తే మనమే ఆగి దారివ్వాలి. పక్షులకి ఫ్లూ వచ్చినప్పటి నుంచి నేల మీద కూర్చోవడం, సంచి పెట్టడం కూడా మానిపించారు. 1991లో యాత్రికుల్ని తీసుకెళ్ళే ఏడు కంపెనీలు సంఘంగా ఏర్పడి ఇలాంటి పద్ధతులు పాటించడం మొదలుపెట్టాయట. ఆ 100, 500 లెక్కల్ని 2009లో అంటార్కిటికా ఒప్పందంలో ఉన్న దేశాలు కూడా తీర్మానం చేశాయి.

వింటుంటే ఎదుర్లంక రేవు గుర్తొచ్చింది. వంతెన లేని రోజుల్లో పంటు మీద దాటేవాళ్ళం. సరంగు తలలు లెక్కపెట్టి తాడు కట్టేశాడంటే పెళ్ళివారైనా సరే, ఒడ్డున ఆగాల్సిందే. మా నాన్న ఓసారి ఎంత బతిమాలినా ఎక్కించుకోలేదు. ఆ కోపం ఇంటికెళ్ళేదాకా ఉంది గానీ, తాడు కట్టడం తప్పని ఆయన ఎన్నడూ అనలేదు. ఈ చెక్కవంతెన దగ్గర అలా తాడు కట్టే మనిషి ఒక్కడుంటే చాలుననిపించింది. టికెట్టు చింపేటప్పుడే రెండు నిమిషాలు నిలబెట్టి, ఆ వేర్లు ఏమిటో, ఎందుకు తొక్కకూడదో చెప్పాలి. దూకిన పిల్లలు చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

"అక్కడ మాత్రం అంతా బాగుందా?" అన్నాను.

"లేదత్తా. ఒకసారికి వంద అన్నారు గానీ, మొత్తం ఏడాదికి ఇంతమందే అని లెక్కెవరూ కట్టలేదు. 1990ల మొదట్లో పదివేల లోపు వచ్చేవారట. 2023-24లో లక్షా ఇరవై వేలు దాటారు. ఒక ఓడ కదిలితే ఇంకో ఓడ. ఒప్పంద దేశాలన్నీ ఒక్క మాట మీదికొస్తే గాని కొత్త నియమం రాదు."

టికెట్టు పొట్లం జేబులో పెట్టుకుని, తిరిగొచ్చే దారిలో యానాం బస్టాండు దగ్గర చెత్తడబ్బాలో వేశాడు.

నెలయ్యాక ఓడ మీద నుంచి ఫోను చేశాడు. మొదటిసారి దిగే ముందు సోదాలో వాడి మేజోడు మడతలో ఒక గింజ బయటపడిందట.

"ఉత్తరేణేనత్తా. మన యానాం రోడ్డుదే."