ఇల్లు మాది, నేల ఇంకొకరిది

అమెరికాలో మేం ఉండే బాల్టిమోర్ సిటీలోనే కొనుక్కోడానికి ఇల్లు చూస్తున్నాం అంటే తెలిసినవాళ్లంతా ఒకటే పాట, ఊరి బయట ఎలికాట్ సిటీ వైపు చూసుకోవచ్చుగా, మనవాళ్లంతా అక్కడే ఉన్నారుగా అని. నేను పనిచేసేది జాన్స్ హాప్కిన్స్ మెడికల్ క్యాంపస్‌లో ఒక ల్యాబ్‌లో, మాకున్నది ఒకటే కారు. పైగా యూనివర్సిటీకి 'లివ్ నియర్ యువర్ వర్క్' అని ఒక పథకం ఉంది, ఉద్యోగులు సిటీలో కొన్ని పేటల్లో ఇల్లు కొనుక్కుంటే గ్రాంట్ ఇస్తారు. ఎంత అనేది పేటను బట్టి ఉంటుంది, అందుకని రెండు వీధులు అటూ ఇటూ అయితే లెక్కంతా మారిపోతుంది. ఆ డబ్బు చేతికి రాదు, క్లోజింగ్ రోజున, అంటే ఇల్లు మన పేరు మీదికి మారే రోజున, నేరుగా ఇంటి ఖర్చులో కలుస్తుంది. మన జేబులోంచి కనీసం 1,000 డాలర్లు పెట్టాలి.

మేం తప్పు చేసింది వరసలో. ముందు ఇల్లు నచ్చింది, ఆ తర్వాత కాగితాలు చదివాం. గ్రాంట్ రావాలంటే, ఇల్లు కొనేవాళ్ల కోసం పెట్టే క్లాసుకి వెళ్తే ఇచ్చే హోమ్‌బయ్యర్ కౌన్సెలింగ్ సర్టిఫికెట్ మీద తేదీ, ఇంటి కొనుగోలు కాంట్రాక్ట్ సంతకం కంటే ముందుండాలి. మా ఏజెంటేమో సంతకం పెట్టేయండి, క్లాసుదేముంది తర్వాత చూసుకుందాం అన్నాడు! నాకెందుకో అనుమానం వచ్చి ఫోన్ చేసి కనుక్కున్నా కాబట్టి సరిపోయింది. మేం క్లాసుకి పేరు రాయించుకునేలోపు ఆ ఇల్లు వేరేవాళ్లు కొనేసుకున్నారు. రెండు రోజులు అన్నం సయించలేదు.

క్లాసు తర్వాత కౌన్సెలర్ మమ్మల్ని విడిగా కూర్చోబెట్టి జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ చూసింది. మా నాన్న పంపిన డబ్బు దగ్గర ఆగింది. అది అప్పు కాదు, తిరిగి అడగను అని ఆయన రాసి సంతకం పెట్టాలట, లోన్ ఇచ్చేవాళ్లు అడుగుతారట. 'కూతురికిచ్చినదానికి కాగితమేంటే' అని నాన్న అరగంట కోప్పడి, చివరికి తెల్లకాగితం మీద ముత్యాల్లాంటి తెలుగులో రాసి పంపారు. ఇంగ్లీషులో మళ్లీ రాయించడానికి ఇంకో వారం.

రెండో ఇల్లు పెన్ రైల్వే స్టేషన్ వెనక, గ్రీన్‌మౌంట్ వెస్ట్‌లో దొరికింది. వందేళ్లు దాటిన ఇటుక రోహౌస్ (పక్కిళ్లతో గోడలు కలిసిన వరస ఇల్లు), ముందు తెల్ల పాలరాతి మెట్లు, స్టేషన్ దాకా నడిస్తే హాప్కిన్స్ షటిల్ బస్సు. అంత పాతింట్లో గోడలకి సీసం కలిసిన పాత రంగు ఉండకుండా ఉంటుందా, దాని పరీక్షకి వేరే ఖర్చు. సిటీ ప్రాపర్టీ ట్యాక్స్ 100 డాలర్ల విలువకి 2.248 డాలర్లు, చుట్టుపక్కల కౌంటీల కంటే దాదాపు రెట్టింపు, గ్రాంట్ చూసి మురిసిపోయేముందు ఇది కూడా లెక్కేసుకోండి.

అంతా అయిందనుకున్నాక టైటిల్ కాగితాల్లో, అంటే ఇల్లు ఎవరిదో చెప్పే పత్రాల్లో, గ్రౌండ్ రెంట్ బయటపడింది. ఇల్లు మాది, కింద నేల వేరేవాళ్లది, 99 ఏళ్లకోసారి తిరగరాసుకునే లీజు, ఏడాదికి 96 డాలర్లు రెండు వాయిదాల్లో కట్టాలి. బాల్టిమోర్‌లో ఇది మామూలేనట. ఏటా కట్టే 96 డాలర్లు 6 శాతం అయ్యే మొత్తం, అంటే 1,600 డాలర్లు, ఒకేసారి కట్టేస్తే నేల కూడా మనదైపోతుంది గానీ, క్లోజింగ్ అయ్యాక మా దగ్గర అంత మిగల్లేదు.

అమ్మకి చెప్పడమే పొరపాటైంది. ఇప్పుడు ఫోన్ చేస్తే తిన్నావా అని కూడా అడగదు, 'కౌలు కట్టారా?' అంటుంది.