పక్కింటి గరాజ్ కింద నుంచి నీళ్ళు

2021లో టెక్సాస్‌ని గడ్డకట్టించిన మంచు తుఫానులో, డాలస్‌లో మా కరెంటు ఫిబ్రవరి 15 తెల్లవారుజామున రెండింటికి పోయింది. రాష్ట్రం కరెంటు గ్రిడ్ మొత్తం కుప్పకూలకుండా వంతులవారీగా తీస్తామన్నారు. మా వంతు మొదలైతే 52 గంటలకి గానీ అయిపోలేదు. అందరం ఒకే గదిలో పడుకోవడం, పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పగలకుండా కొళాయిలు సన్నగా కారేలా వదలడం, ఇవన్నీ బాగానే గడిచాయి. ఫోన్ చార్జింగ్‌కి కారు గరాజ్‌లోంచి బయటికి తీసేవాణ్ణి. లోపల ఇంజన్ నడిపి హ్యూస్టన్‌లో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు.

మంగళవారం పొద్దున ఎయిర్‌పోర్టు దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 19. ఎదురింటి పెద్దావిడ ఒక్కరే ఉంటారని గుర్తొచ్చి వెళ్ళి తలుపు కొట్టాను. గ్యాస్ ఓవెన్ వెలిగించి, దాని తలుపు తీసి, ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు! అందులోంచీ అదే విషవాయువు వస్తుందని ఆపించి మా ఇంటికి తీసుకొచ్చాం. మా గ్యాస్ ఫైర్‌ప్లేస్‌కి పొగగొట్టం ఉంది. 2015 డిసెంబర్ 26న, క్రిస్మస్ మర్నాటి రాత్రి టోర్నడో వచ్చినప్పుడు ఆవిడ డాలస్ పక్కనున్న రౌలెట్‌లో ఉండేవారట. ఈఎఫ్-4 అది, టోర్నడోల బలం కొలిచే మెట్లలో పైనుంచి రెండోది. వీధిలో వాళ్ళు టార్చిలు పట్టుకుని ఇంటింటి ముందూ పేర్లు పెట్టి పిలిచారని చెప్పారు. నాకైతే అప్పటిదాకా ఆవిడ పేరే తెలియదు.

ఇక అసలు సంగతి. ఆ సాయంత్రం పక్కింటి గరాజ్ తలుపు కింద నుంచి నీళ్ళు వచ్చి డ్రైవ్‌వే మీద అద్దంలా గడ్డకడుతున్నాయి. ఇక్కడ చాలా ఇళ్ళలో పైపులు అటక మీదుగా వేస్తారు, అక్కడ పగిలితే సీలింగ్ కూడా ఊడి కిందపడుతుంది. వాళ్ళు ఊళ్ళో లేరు. నా దగ్గర నంబర్ లేదు. మా కాలనీ అసోసియేషన్‌కి ఫోన్ చేస్తే ఈత కొలను తాళానికి రెండు నొక్కమంది. గడ్డి రెండంగుళాలు పెరిగితే మూడో రోజుకి నోటీసు పంపేవాళ్ళు వీళ్ళే. సిటీ నంబర్ ఎంతసేపూ బిజీ. మన తెలుగు వాట్సాప్ గ్రూపులో అడిగితే పదకొండు చేతులు జోడించిన బొమ్మలు, ఒక దేవుడి ఫోటో.

సరే అని టార్చి తీసుకుని వాళ్ళింటి పక్కకి వెళ్ళాను. కిటికీలోంచి ఎంత తడిసిందో చూస్తుంటే వెనక నుంచి నా మొహం మీద లైటు పడింది.

"ఎవరు నువ్వు?"

మూడిళ్ళ అవతలి ఆయన. ఫోన్ చేతిలో ఉంది, పోలీసులకి చేస్తానంటున్నాడు. పక్కిల్లే నాది అన్నాను. నమ్మలేదు. నాలుగేళ్ళుగా రోజూ అతని ముందునుంచే పిల్లల్ని బస్సు దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఆ చలిలో గ్లోవ్స్ తీసి, వణుకుతున్న వేళ్ళతో లైసెన్స్ బయటికి లాగితే, టార్చి వేసి అడ్రస్ చదివాడు. మా ఇంటి నంబర్ వైపు చూశాడు. మళ్ళీ చదివాడు. మా అబ్బాయి కిటికీలోంచి చూస్తున్నాడని నాకు తెలుసు. కోపం కంటే ముందు సిగ్గేసింది, నేనేదో తప్పు చేసినట్టు.

అప్పటికి నీళ్ళు అతని బూట్ల దాకా వచ్చాయి. అప్పుడు కనబడింది! మాట్లాడకుండా వెళ్ళి, గరిటెంత పిడీ నడుమెత్తు కడ్డీ ఉన్న మీటర్ కీ పట్టుకొచ్చాడు, నీళ్ళ మీటర్ దగ్గర వాల్వ్ కట్టేసేది. మీటర్ పెట్టె మూత మంచుకి బిగుసుకుపోతే ఇద్దరం కలిసి స్క్రూడ్రైవర్‌తో లేపాం. కీ పెట్టి పావు చుట్టు తిప్పాడు, నీళ్ళు ఆగిపోయాయి. సారీ మాత్రం రాలేదు. "నువ్వు ఇక్కడే ఉంటావని తెలియదు" అన్నాడు, అంతే. నిజం చెప్పాలంటే అతని పేరు నాకూ తెలియదు, కానీ నేనెవరి లైసెన్సూ అడగలేదుగా.

మీ ఇంటి నీళ్ళ మీటర్ పెట్టె ఎక్కడుందో ఈ వారమే చూసుకోండి. రెండు వైపుల ఇళ్ళవాళ్ళ నంబర్లు కాగితం మీద రాసుకోండి, ఫోన్ చచ్చిపోతే అదే దిక్కు. ఖాళీ ఇంటి దగ్గరికి ఒంటరిగా వెళ్ళొద్దు, ముఖ్యంగా మనలాంటివాళ్ళు.

పెద్దావిడ గురువారం వాళ్ళింటికి వెళ్ళిపోయారు. పక్కింటివాళ్ళు శుక్రవారం వచ్చారు, గరాజ్ సీలింగ్ ఒక్కటే పోయింది. హార్డ్‌వేర్ షాపులో స్టాక్ రాగానే నేనూ ఒక మీటర్ కీ కొన్నాను, మళ్ళీ అతన్ని అడగక్కర్లేకుండా.