నీలి మంట కోసం ఇజెన్ ఎక్కాం: నా అనుభవం

బాలి వెళ్లిన మనవాళ్లు ఎక్కువగా బాటూర్ కొండెక్కి సూర్యోదయం చూసి వచ్చేస్తారు. మేం మాత్రం పక్కనున్న జావా ద్వీపంలో కవా ఇజెన్ అనే అగ్నిపర్వతానికి వెళ్లాం, నీలి మంట కోసం. అక్కడ లావానే నీలంగా పారుతుందని వాట్సాప్‌లో తిప్పుతుంటారు గానీ అది నిజం కాదు. నేల పగుళ్లలోంచి తన్నుకొచ్చే వేడి గంధకపు ఆవిరి గాలి తగిలి అంటుకుంటుంది, అది మండే రంగే నీలం. వెలుతురులో కనపడదు కాబట్టి రాత్రిపూటే ఎక్కాలి.

బాలిలోని గిలిమానుక్‌లో ఫెర్రీ ఎక్కి జావాలోని కేతాపాంగ్‌లో దిగాం. జావా టైము బాలి కంటే గంట వెనక, డ్రైవర్‌తో మాట్లాడేటప్పుడు ఏ టైమో గట్టిగా అడగండి. బాన్యువాంగిలో డాక్టర్ దగ్గర హెల్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి. బీపీ చూసి, ఆస్తమా ఉందా అని అడుగుతారు. ఉంటే దాచొద్దు, పైన ఆ గాలి పీల్చాల్సింది మీరే. ఇంకోటి, అగ్నిపర్వతం ఏ హెచ్చరిక స్థాయిలో ఉందో ముందురోజు కనుక్కోండి. మొత్తం నాలుగు స్థాయిలు, మొదటిది దాటితే బిలంలోకి, అంటే అగ్నిపర్వతం నోట్లోకి, దిగనివ్వకపోవచ్చు.

రాత్రి రెండింటికి, నడక మొదలయ్యే పాల్టుడింగ్‌లో గేటు తీశారు. అక్కణ్ణుంచి బిలం అంచుకి సుమారు 3 కిలోమీటర్లు, దారి బాగానే ఉంటుంది కానీ మొదట్లో ఏటవాలు ఎక్కువ, చలి కూడా. నడవలేనివాళ్లని చక్రాల బండిలో కూర్చోబెట్టి లాక్కెళ్తారు, రేటు ముందే మాట్లాడుకోవాలి.

అసలు కష్టం అంచు దాటి లోపలికి దిగేటప్పుడు. చీకట్లో రాళ్ల మీద దిగుతుంటే ఎదురుగా గంధకం బుట్టలు భుజాన వేసుకుని కూలీలు ఎక్కుతుంటారు, ఒక్కో మోత బరువు 70 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. వాళ్లకి దారి ఇచ్చి పక్కన నిలబడాలి, ఫొటోలు తర్వాత. బిలంలో అమర్చిన గొట్టాల్లోంచి ఎర్రగా కారి, చల్లారి పసుపు పచ్చగా గడ్డకట్టిన గంధకాన్ని గడ్డపారలతో పగలగొడతారు, చాలామందికి మాస్కు కూడా లేదు, మూతికి గుడ్డే.

మంట చూస్తుండగానే గాలి మావైపు తిరిగింది. ముక్కుకి మాస్కు ఉంది సరే, కళ్లకేది? ఒకటే మంట, నీళ్లు, ఏమీ కనపడదు. పరిగెత్తొద్దు, అక్కడే కూర్చోండి అని గైడ్ అరిచాడు. పొగ పక్కకి పోయేదాకా కళ్లు మూసుకుని కూర్చున్నాం. నిజం చెప్పాలంటే అప్పుడు భయమేసింది. కాబట్టి మాస్కు అద్దెకి తీసుకునేటప్పుడు ఫిల్టర్ చూసుకోండి, కళ్లని పూర్తిగా కప్పే కళ్లద్దాలు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లండి.

తెల్లారాక సరస్సు కనపడింది, పాలు కలిపినట్టుండే లేత ఆకుపచ్చ నీలం. అంత అందమైన నీళ్ల పీహెచ్ 1 కంటే తక్కువ, అంటే ఘాటైన యాసిడే, చెయ్యి పెట్టాలన్న ఆలోచన వద్దు.

బట్టలకి ఆ వాసన రెండు ఉతుకులకీ పోలేదు. వెండి వస్తువులు హోటల్లోనే వదిలేసి వెళ్లండి. మా ఫ్రెండ్ చేతి కడియం నల్లగా మారిపోయింది, ఇంటికొచ్చాక వాళ్లమ్మగారు విబూదితో తోమితే గానీ దారికి రాలేదు.