ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి డేటా సేకరించాను: ఎకనామిక్స్ స్టూడెంట్‌గా నా అనుభవం

రెండో సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ పేపరు బాగానే రాశాను. అంకమధ్యమం (అంటే సగటు), మధ్యగతం, బాహుళకం సూత్రాలన్నీ నోటికి వచ్చు, పౌనఃపున్య పట్టిక ఇస్తే ప్రామాణిక విచలనం కట్టేస్తాను. అందుకే వేసవి సెలవుల్లో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకి మా ఊళ్ళో కుటుంబాల నెల ఖర్చు మీద సర్వే చేస్తానని చెప్పినప్పుడు వారం రోజుల పని అనుకున్నాను. ఐదు వారాలు పట్టింది. అందులో లెక్కలు కట్టింది మూడు రోజులే. మిగతా రోజులన్నీ ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి, వాళ్ళు చెప్పింది ఎలా రాసుకోవాలి అన్నదానికే సరిపోయాయి. ఆ పనికి మా పుస్తకంలో ఉన్నది రెండు పేజీలు. ఈ ఏడాది ఇదే ప్రాజెక్టు చేయబోయేవాళ్ళకి పనికొస్తుందని నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది పశ్చిమ గోదావరిలో కాలువ పక్క పల్లెటూరు. మొదట నేను తయారుచేసుకున్న ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న "మీ కుటుంబ నెలసరి ఆదాయం ఎంత?" అని. మా మేడం అది చూసి ఏమీ అనలేదు, "ముందు నాలుగిళ్ళకి వెళ్ళి అడిగిరా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. వెళ్ళాను. మొదటి ఇంట్లోనే ఆవిడ నా చేతిలో కాగితాలు చూసి "ఏమ్మా, ఇది రాసుకుని మా కార్డు తీసేస్తారా?" అని అడిగింది. "లేదు పిన్నీ, మా కాలేజీలో చదువు కోసం" అన్నా నమ్మలేదు, ఆదాయం ఏమీ లేదని రాసుకోమంది. రెండో ఇంట్లో పింఛను గురించి భయం. మూడో ఇంట్లో బాబాయి వరస ఆయన, నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగినవాడే, ఆయనా "ఏదో ఒకటి వేసుకోమ్మా" అన్నాడు. రేషన్ కార్డుకీ పింఛనుకీ ఆదాయ పరిమితి ఉన్న చోట ఆదాయం అడిగితే నిజం రాదు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఆ ప్రశ్న తీసేసి ఖర్చు అడగడం మొదలుపెట్టాను. బియ్యం ఎంత, నూనె ఎంత, గ్యాస్ ఎన్నాళ్ళకి వస్తుంది అంటే ఎవరికీ అనుమానం రాలేదు, పైగా ధరల మీద కోపంతో అడగనివి కూడా చెప్పారు.

ఇలా ముందు కొన్నిళ్ళలో అడిగి చూడటాన్నే పైలట్ సర్వే అంటారు. పరీక్షలో దానికి నిర్వచనం రాశాను కూడా. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ 1930లలో బెంగాల్లో జనపనార పంట విస్తీర్ణం లెక్కగట్టడానికి పెద్ద సర్వేకి ముందు చిన్న చిన్న సర్వేలు చేసుకుంటూ పోయారని మేడం చెప్పినప్పుడు అది నాకు రెండు మార్కుల ప్రశ్నలాగే వినబడింది. ఆ నాలుగిళ్ళు అయ్యాక మాత్రం ఆయన అంత ఓపికగా ఎందుకు చేశారో తెలిసింది.

తర్వాత ఎవరెవర్ని అడగాలి అన్న ప్రశ్న. ఊరంతా తిరగలేను, మా వీధి ఒక్కటే అడిగితే మా వీధి సంగతే తెలుస్తుంది. క్రమబద్ధ ప్రతిచయనం (సిస్టమాటిక్ శాంప్లింగ్), అంటే జాబితాలోంచి వరసగా ఇన్నిళ్ళకి ఒకటి చొప్పున తీసుకోవడం, చేద్దామనుకున్నాను. దానికి ముందు ఇళ్ళ జాబితా కావాలి. డోర్ నంబర్లు చూసి రాసుకుందామంటే 3-24, 3-24/1, 3-24ఎ, ఆ తర్వాత ఉన్నట్టుండి 3-61. చివరికి నేనూ నా ఫ్రెండూ రెండు రోజులు కాలినడకన తిరిగి, కాలువ గట్టు మీద పాకలతో సహా, ఒక నోట్‌బుక్‌లో వరసగా మా సొంత నంబర్లు వేసుకున్నాం. 240 వచ్చాయి. నాకు 40 కుటుంబాలు కావాలి, అంటే ప్రతి ఆరో ఇల్లు. ఒకటి నుంచి ఆరు దాకా చీటీలు వేసి తీస్తే నాలుగు వచ్చింది. ఇక 4, 10, 16 అలా 238 దాకా.

ఇంతలో ఇంకో చిక్కు. జాబితాలో 52 అని వేసుకున్న ఇంటికి వెళ్తే ఒకే గుమ్మం, ఒకే కరెంటు మీటరు, లోపల అన్నదమ్ములిద్దరి సంసారాలు. పెద్దావిడ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. మీది ఒక కుటుంబమా రెండా అని అడిగితే "ఒకటే ఇల్లమ్మా" అంది. పెరట్లోకి చూస్తే పొయ్యిలు రెండు, గ్యాస్ బండలు రెండు. సర్వేల్లో కుటుంబం అంటే రక్తసంబంధం కాదు, మామూలుగా కలిసి ఉంటూ ఒకే వంట తినేవాళ్ళు. జనాభా లెక్కల్లోనూ జాతీయ నమూనా సర్వేలోనూ దాదాపు ఇదే పద్ధతి. ఆ లెక్కన అవి రెండు కుటుంబాలు. అయితే పెద్దావిడ పొద్దున పెద్దకొడుకు దగ్గర, రాత్రి చిన్నకొడుకు దగ్గర తింటుంది, ఆవిణ్ణి ఎక్కడ వేయాలి? మేడంకి ఫోన్ చేస్తే "ఎక్కువ భోజనాలు ఎక్కడో అక్కడ వెయ్యి, అలా ఎందుకు వేశావో పక్కన రాసిపెట్టు" అన్నారు. ఆ పక్కన రాసిపెట్టడం అనే అలవాటు నాకు ఈ ప్రాజెక్టులో దొరికిన అన్నిటికన్నా విలువైన వస్తువు. నెల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు గుర్తుంటుందిలే అనుకున్నది ఒక్కటీ గుర్తుండదు.

తాళం వేసిన ఇళ్ళ సంగతి కూడా చెప్పాలి. మొదటి రోజు పదిళ్ళలో నాలుగు తాళాలే. పక్కింట్లో అడిగేస్తే పోతుంది కదా అనిపించింది, ఒక ఇంట్లో అడిగేశాను కూడా. మేడం ఆ ఫారం తీసి పక్కన పెట్టించారు. పగలు పదింటికి ఇంట్లో ఉండేదెవరు? ముసలివాళ్ళు, పింఛనుదారులు, కాస్త కలిగినవాళ్ళు. కూలికి పోయేవాళ్ళు పొద్దున్నే వెళ్ళి చీకటి పడ్డాక వస్తారు. తాళం ఉన్నప్పుడల్లా పక్కింటికి పోతే నా శాంపిల్లోంచి కూలివాళ్ళే రాలిపోతారు, నాకు తెలియకుండానే. అప్పట్నుంచి తాళం ఉన్న ఇళ్ళకి సాయంత్రం ఆరున్నర తర్వాత వెళ్ళాను, కొన్నిళ్ళకి మూడుసార్లు. టెన్షన్ పడ్డాను, మా అమ్మ తిట్టింది, కానీ అత్యంత నిజమైన సమాచారం ఆ సాయంత్రాల్లోనే దొరికింది.

ఇప్పుడు అసలు విషయం, జ్ఞాపకం. ఒక ఇంట్లో "కిరాణా సరుకులకి నెలకి ఎంతవుతుంది పిన్నీ?" అంటే ఆవిడ తడుముకోకుండా "రెండు వేలవుద్దమ్మా" అంది. రాసుకున్నాను. మాటల్లో కొట్లో అరువు రాయిస్తారని తెలిసి, పుస్తకం చూపిస్తారా అని అడిగాను. పోపుల డబ్బా వెనకనుంచి తీసింది, మడతలు పడిన చిన్న పుస్తకం, తేదీలు నీలం ఇంకుతో, కట్టినవాటి మీద ఎర్ర గీత. ఇద్దరం అరుగు మీద కూర్చుని ముందు నెలవి కూడాం. నూనె ప్యాకెట్లు, కందిపప్పు, సబ్బులు, పిల్లలకి బిస్కెట్లు, మధ్యలో రెండు చోట్ల సెల్ రీఛార్జి. 3,460 వచ్చింది. ఆవిడ నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది. ఆవిడ దాచింది ఏమీ లేదు, పెద్ద సరుకులు గుర్తున్నాయి, పది ఇరవై రూపాయలవి గుర్తులేవు, అంతే.

అందుకే ఒక్కో వస్తువుకి ఒక్కో గడువు పెట్టి అడగాలని తర్వాత తెలిసింది. మన దేశంలో కుటుంబ వినియోగ వ్యయ సర్వే ఇప్పుడు అలాగే చేస్తున్నారు. కూరగాయలు, నూనె, గుడ్లు, మాంసం, చేపల్లాంటివి గడిచిన 7 రోజులకి, బియ్యం, పప్పుల్లాంటివి 30 రోజులకి, బట్టలు, చదువు ఫీజులు, సామాన్లు 365 రోజులకి. నా ఫారం మళ్ళీ మార్చాను. అప్పటికి తొమ్మిదిళ్ళు అయిపోయాయి, ఆ తొమ్మిదిళ్ళకీ మళ్ళీ వెళ్ళాను. బట్టల గురించి ఏడాదికి ఎంత అంటే ఎవరూ చెప్పలేరు, సంక్రాంతికి ఎంత, దసరాకి ఎంత, ఎవరింట్లోనైనా పెళ్ళికి పెట్టుబడి చీరలు ఎన్ని అని పండగల వారీగా అడిగితే టకటకా చెబుతారు.

కొలతలదీ అంతే. బియ్యం బస్తా అంటే కొందరికి 25 కిలోలు, కొందరికి 26, పండించుకున్నవాళ్ళకి అది ధాన్యం బస్తా. పాలు గ్లాసు లెక్క. అన్నీ కిలోలు, లీటర్లలోకి మార్చుకుని రాశాను, మార్చే ముందు వాళ్ళు చెప్పిన మాట కూడా అలాగే ఉంచాను.

ఇక ఎక్సెల్. ఇక్కడ నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. ఖర్చు లేదన్నవాళ్ళకీ సున్నా వేశాను, చెప్పనివాళ్ళకీ సున్నా వేశాను. మందుల ఖర్చు సగటు మరీ తక్కువగా వస్తే అనుమానం వచ్చి ఫారాలు తిరగేస్తే తేలింది. సున్నా అంటే ఖర్చు లేదని, ఖాళీ అంటే తెలియదని. రెండూ ఒకటి కాదు. మందుల గడి మొత్తం ఫారాలు చూసి మళ్ళీ ఎక్కించాను.

అంకెల్ని తరగతులుగా, అంటే ఇంత నుంచి ఇంత దాకా అని గుంపులుగా, కట్టేటప్పుడు ఇంకో తమాషా విషయం కనిపించింది. నా సరుకుల లెక్కలకి తోడు ప్రతి కుటుంబాన్నీ "మొత్తం మీద నెలకి ఎంతవుతుంది?" అని కూడా అడిగాను. దానికి జవాబులు దాదాపు అన్నీ పదివేలు, పదిహేనువేలు, ఇరవైవేలు. 11,300 అన్నవాళ్ళు లేరు. నేను 5,000–10,000, 10,000–15,000 అని మినహాయింపు తరగతులు కడితే, ఎగువ హద్దు పై తరగతిలోకే పోతుంది కాబట్టి పదివేలన్నవాళ్ళంతా రెండో తరగతిలో పడ్డారు. వాళ్ళ మధ్యవిలువ 12,500 అయిపోయింది, అంటే సూత్రం ప్రకారం ఒక్కొక్కరికీ రెండున్నర వేలు నేనే కలిపినట్టు. తరగతుల్ని 7,500–12,500, 12,500–17,500 అని జరిపితే పదివేలు సరిగ్గా మధ్యలోకి వచ్చింది. పుస్తకంలో లెక్కలకి తరగతులు వాళ్ళే కట్టి ఇస్తారు, అందుకే ఇది నాకు ఎప్పుడూ ఎదురుకాలేదు.

అంకమధ్యమానికీ మధ్యగతానికీ తేడా ఏమిటో కూడా ఒక ఇల్లే నేర్పింది. ఆ ఇంట్లో ఆ ఏడాది అమ్మాయి పెళ్ళి చేశారు, 12 లక్షలు అయిందన్నారు. 365 రోజుల ఖర్చు కాబట్టి 12తో భాగిస్తే నెలకి లక్ష. నా దగ్గర పూర్తయిన కుటుంబాలు 38. ఆ ఒక్క లక్ష మొత్తం ఊరి సగటుని 2,600 పైన పెంచేసింది. మధ్యగతం, అంటే వరసగా పేర్చినప్పుడు 19, 20 స్థానాల్లో ఉన్నవాటి సగటు, కదలనే లేదు, ఎందుకంటే ఆ కుటుంబం పెళ్ళి లేకపోయినా పై సగంలోనే ఉండేది. మొదట ఆ ఇల్లు తీసేద్దామనుకున్నాను. కానీ మా వైపు ఏ ఏడాదైనా ఎవరో ఒకరింట్లో పెళ్ళి ఉంటుంది, అప్పు చేసైనా చేస్తారు, అది ఊరి ఖర్చు కాకుండా ఎలా పోతుంది? అందుకని రెండు లెక్కలూ ఇచ్చాను, ఆ పెళ్ళి ఖర్చుతో ఒకటి, లేకుండా ఒకటి. మధ్యగతం రెండిటికీ ఒకటే.

చివరగా మా ఊరిని ప్రభుత్వ లెక్కలతో పోల్చాలనుకున్నాను. 2022-23 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో సగటు తలసరి నెల ఖర్చు 4,870 రూపాయలు, దేశం మొత్తం గ్రామాల్లో 3,773. మొదట నా లెక్కలో ఇంటికి వచ్చిన సగటుని దాని పక్కన పెట్టి మా ఊరు ఎంత ఖర్చు పెడుతోందో అనుకున్నాను, తర్వాత చూస్తే అది తలసరి, నాది కుటుంబానికి. ఏడుగురున్న ఇల్లూ ఒంటరి మామ్మ ఉన్న ఇల్లూ ఒకే వరసలో ఉన్నాయి. మనుషుల సంఖ్యతో భాగించి మళ్ళీ కట్టాను. రేషన్ బియ్యం సంగతి కూడా అక్కడే తట్టింది. ఉచితంగా వచ్చినదానికి వెల కట్టాలా వద్దా? ఆ సర్వే రెండు రకాలుగానూ ఇచ్చింది, ఉచిత సరుకులకి వెల కడితే దేశ గ్రామీణ సగటు 3,860 అవుతుంది. నేను వెల కట్టలేదు, కట్టలేదని పట్టిక కింద రాశాను.

40 ఎంచుకుంటే 38 ఎందుకయ్యాయని వైవాలో అడిగారు. ఒక కుటుంబం హైదరాబాద్‌లో బిల్డింగ్ పనులకి వెళ్ళి ఐదు వారాలూ రాలేదు, ఇంకొకావిడ చెప్పనంది, బలవంతపెట్టలేదు అని చెప్పాను. తర్వాత ఇంకో ప్రశ్న అడిగారు, దానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు: "మేలో అడిగావు, నాట్ల కాలంలో అడిగితే ఇవే అంకెలు వస్తాయా?"

రావు. నేను తిరిగినప్పుడు దాళ్వా (రబీ వరి) కోతలు అయిపోయి కూలీలకి పని లేదు, చాలా ఇళ్ళలో సరుకులు అరువు మీదే నడుస్తున్నాయి. ప్రభుత్వ సర్వే 2022 ఆగస్టు నుంచి 2023 జూలై దాకా ఏడాది పొడుగునా చేయడానికి కారణం ఇదేనని అప్పుడు చెప్పారు. నా నోట్‌బుక్, 240 ఇళ్ళ జాబితా, ఫారాలు అన్నీ భద్రంగా ఉన్నాయి. సార్వా (ఖరీఫ్ వరి) నాట్లు మొదలయ్యాక అదే 38 ఇళ్ళకి మళ్ళీ వెళ్తానని మేడంతో చెప్పాను, ఈసారి అరువు పుస్తకం ఉన్న ఇళ్ళలో ముందు పుస్తకం అడిగి, ఆ తర్వాతే ఫారం తీస్తాను.